ముందు అంకె పుట్టే చోటికి తీసుకెళ్లండి

ప్రశ్న: నేను ఒక ప్రజారోగ్య విభాగంలో శ్వాసకోశ వ్యాధుల నిఘా బాధ్యతలు చూస్తున్నాను. ఇటీవల ఆరుగురు యువ ఎపిడెమియాలజిస్టులు, అంటే వ్యాధుల వ్యాప్తిని అధ్యయనం చేసేవాళ్లు, మా దగ్గర చేరారు. ఫ్లూ, కొవిడ్, ఆర్‌ఎస్‌వీ వంటి వైరస్‌ల నిఘాలో వాళ్లకు పన్నెండు వారాల శిక్షణ ఇచ్చే పని నాకు అప్పగించారు. అందరూ చురుకైనవాళ్లే. గణాంకాలు, ప్రోగ్రామింగ్ నా కంటే వాళ్లకే బాగా వచ్చు. వచ్చిన రోజు నుంచీ వ్యాధి వ్యాప్తిని లెక్కలతో అంచనా కట్టే మోడలింగ్ నేర్పమని, జీనోమ్ సీక్వెన్సింగ్ నేర్పమని అడుగుతున్నారు. ఆస్పత్రులకు వెళ్లి ఫారాలు చూడటం వాళ్లకు గుమస్తా పనిలా తోస్తున్నట్టుంది. ఎక్కడ మొదలుపెట్టాలి? మోడలింగ్‌కు ఎంత సమయం ఇవ్వాలి? చివరికి వాళ్లకు పని వచ్చిందో లేదో నేనెలా తేల్చుకోవాలి? – ఒక పాఠకురాలు

సమాధానం: మొదటి ప్రశ్నకు సూటిగా చెబుతాను. స్వాబ్ తీసే గదిలో మొదలుపెట్టండి. కంప్యూటర్ తెర మీద గీత గీయడం మీవాళ్లకు వచ్చు. ఆ గీతలో ఒక్కో చుక్క ఎవరెవరి చేతుల మీదుగా వచ్చిందో తెలియదు. అది తెలియకుండా ఎంత గొప్ప మోడల్ కట్టినా, ఆస్పత్రి సెలవులను వ్యాధి తగ్గుముఖంగా చదివే ప్రమాదం ఉంటుంది. నిఘా శిక్షణలో అసలు పాఠం నా దృష్టిలో ఒక్కటే: ఏ అంకె కనబడినా, ఇదెలా పుట్టిందని అడిగే అలవాటు. గుమస్తా పని అని వాళ్లు గొణిగితే గొణగనివ్వండి, పంపడం మాత్రం మానకండి.

మొదటి రెండు వారాలూ ఇద్దరిద్దరి చొప్పున సెంటినెల్ కేంద్రాలకు, అంటే నిఘా కోసం ఎంపిక చేసిన ఆస్పత్రులకు, పంపండి. తనిఖీకి వచ్చిన అధికారుల్లా నిలబడకుండా, నర్సు పక్కన కుర్చీ వేసుకుని కూర్చోవాలి. ఎవరిని కేసుగా లెక్కించాలో చెప్పే నిర్వచనం పుస్తకంలో ఒకలా, ఓపీ గదిలో మరొకలా ఉంటుందని తెలియడానికి ఒక్క ఉదయం చాలు. ప్రపంచ ఆరోగ్య సంస్థ నిర్వచనం ప్రకారం ఇన్‌ఫ్లుయెంజా తరహా జబ్బు, అంటే ఐఎల్‌ఐ, కింద లెక్క వేయాలంటే థర్మామీటరులో 38 డిగ్రీల సెల్సియస్ లేదా అంతకు మించిన జ్వరం కనబడాలి, దగ్గు ఉండాలి, జబ్బు మొదలై పది రోజులు దాటకూడదు. ఎదురుగా కూర్చున్న రోగి పొద్దున్నే పారాసిటమాల్ వేసుకుని వచ్చాడు. థర్మామీటరు 37.4 చూపిస్తోంది. రాత్రంతా ఒళ్లు కాలిపోయిందని అంటున్నాడు. ఇతన్ని రాసుకోవాలా, వద్దా? నిర్వచనం వద్దంటుంది. అదే ఆస్పత్రిలో చేరాల్సినంత తీవ్రమైన శ్వాసకోశ ఇన్‌ఫెక్షన్, మనం సారి అని పిలిచేది, అయితే జ్వరం వచ్చిందని రోగి చెప్పినా సరిపోతుంది. ఒక కేంద్రంలో నర్సు నిర్వచనాన్ని తు.చ. తప్పకుండా పాటిస్తుంది. ఇంకో కేంద్రంలో నర్సు రోగి మాట నమ్మి రాసుకుంటుంది. రెండు కేంద్రాల ఐఎల్‌ఐ శాతాల్లో కనిపించే తేడాలో కొంత అక్కడే పుట్టింది.

ఎవరి దగ్గర స్వాబ్ తీస్తున్నారో కూడా గమనించమనండి. వారానికి ఇన్ని నమూనాలు అని లక్ష్యం ఉన్నచోట, సోమ, మంగళవారాల్లో వచ్చిన మొదటి కొందరితోనే ఆ లక్ష్యం నిండిపోవచ్చు. ప్రయోగశాలకు వెళ్లే వాహనం బుధవారం బయల్దేరుతుందనుకోండి, శుక్రవారం వచ్చిన రోగి దగ్గర నమూనా తీసే ఉత్సాహం ఎవరికుంటుంది? చంటిపిల్లలు ఏడుస్తారని వాళ్లను వదిలేసే కేంద్రాలూ ఉంటాయి. ఇందులో ఎవరి దురుద్దేశమూ లేదు. పని ఒత్తిడిలో మనుషులు వెతుక్కునే దారులివి. అయితే మీ ఆరుగురూ వయసులవారీగా పాజిటివిటీ (పరీక్షించిన నమూనాల్లో పాజిటివ్ వచ్చినవాటి శాతం) పట్టిక వేసేటప్పుడు, ఐదేళ్లలోపు గడిలో అంకె ఎందుకంత చిన్నగా ఉందో వాళ్లకు వెంటనే తట్టాలి. ఆఫీసులో కూర్చుని ఎంత చదివినా అది తట్టదు.

అక్కడి నుంచి నమూనా వెంటే ప్రయోగశాలకు వెళ్లాలి. ముక్కు వెనుక భాగం నుంచో గొంతు నుంచో తీసిన స్వాబ్ వైరస్ రవాణా ద్రవంలో పడుతుంది. 2 నుంచి 8 డిగ్రీల మధ్య ఉంచి, సాధారణంగా 72 గంటల్లోపు పరీక్ష చేయాలి. కుదరకపోతే మైనస్ 70 డిగ్రీల దగ్గర గడ్డకట్టించాలి. ఇవి చదివితే బోధపడేవే. దగ్గరుండి చూడాల్సింది ఒకటుంది. ఆర్‌టీ-పీసీఆర్‌లో వైరస్ జన్యువుతో పాటు మనిషి జన్యువు ఒకదాన్ని కూడా వెతుకుతారు. చాలా పరీక్షల్లో అది ఆర్‌ఎన్‌ఏస్ పి. అది కూడా పలకలేదంటే స్వాబ్‌కు మనిషి కణాలే సరిగా అంటలేదని, లేదా పరీక్షలోనే ఏదో తేడా జరిగిందని అర్థం. అలాంటి నమూనా నెగెటివ్ కాదు, అసలు ఫలితమే లేని నమూనా. దాన్ని తెచ్చి నెగెటివ్ గడిలో వేస్తే హారం పెరుగుతుంది, పాజిటివిటీ ఆ మేరకు తగ్గి కనిపిస్తుంది. మీ లైన్ లిస్టులో, అంటే ఒక్కో రోగికి ఒక్కో వరుస ఉండే పట్టికలో, ఇలాంటి నమూనాలకు వేరే గడి ఉందా? లేకపోతే ఈ ఆరుగురి చేతే పెట్టించండి. తాము చూసిన లోపాన్ని తామే సరిదిద్దితే ఫారం మీద వాళ్లకు గౌరవం కలుగుతుంది.

మూడో వారం నుంచి బల్ల దగ్గర కూర్చోబెట్టవచ్చు. మొదటి అభ్యాసానికి కంప్యూటర్ వద్దు, కాగితం చాలు. పాఠం కోసం నేను కల్పించిన అంకెలు ఇస్తున్నాను, అలాగే వాడుకోండి. ఒక కేంద్రంలో మొదటి వారం ఓపీకి 1000 మంది వచ్చారు. వాళ్లలో ఐఎల్‌ఐ 80, స్వాబ్ తీసింది 40 మందికి, ఫ్లూ పాజిటివ్ 8. మరుసటి వారం సెలవులొచ్చాయి. ఓపీ 500, ఐఎల్‌ఐ 50, స్వాబులు 20, పాజిటివ్ 6. ఫ్లూ పెరిగిందా, తగ్గిందా? పాజిటివ్‌లు 8 నుంచి 6కు తగ్గాయి కాబట్టి తగ్గిందని ఒకరంటారు. పాజిటివిటీ 20 శాతం నుంచి 30కి పెరిగింది కాబట్టి పెరిగిందని ఇంకొకరంటారు. ఓపీలో ఐఎల్‌ఐ వాటా 8 శాతం నుంచి 10 శాతమైందని మూడో వ్యక్తి గుర్తుచేస్తారు. వాదించుకోనివ్వండి. ఆ తరువాత ఐఎల్‌ఐ వాటాను పాజిటివిటీతో గుణించమనండి. మొదటి వారం 1.6 శాతం, రెండో వారం 3 శాతం వస్తుంది. ఓపీకి వచ్చినవాళ్లలో ఫ్లూతో వచ్చినవాళ్ల వాటాకు ఇది ఒక అంచనా. రెండు సూచికల్లో ఏ ఒక్కదానికన్నా ఇది ఫ్లూ తీరును మెరుగ్గా చెబుతుంది.

అక్కడితో ఆగకండి. 20లో 6 అంటే 95 శాతం విశ్వాస అంతరం, అంటే అసలు విలువ ఉండగల పరిధి, సుమారు 12 నుంచి 54 శాతం దాకా ఉంటుంది. 40లో 8 అంటే సుమారు 9 నుంచి 36 దాకా. రెండూ ఒకదానిపై ఒకటి ఇంతగా పడుతున్నప్పుడు ఈ ఒక్క కేంద్రాన్ని చూసి పెరిగిందని ప్రకటించలేం. గణాంకాల్లో దిట్టలైన మీవాళ్లకు ఈ లెక్క చిటికెలో వస్తుంది. వాళ్లకు కొత్తగా నేర్పాల్సింది దీని తరువాతి ప్రశ్న. సెలవుల్లో ఆస్పత్రికి వచ్చేది ఎవరు? చిన్నపాటి దగ్గు ఉన్నవాళ్లు ఇంట్లోనే ఉండిపోయి, బాగా జబ్బు పడ్డవాళ్లే వస్తే, వైరస్ వ్యాప్తిలో ఏ మార్పూ లేకుండానే పాజిటివిటీ పెరుగుతుంది. విశ్వాస అంతరం ఈ సంగతి చెప్పదు. సెంటినెల్ కేంద్రానికి ఫోను చేసి కనుక్కోవాలి.

ఆలస్యాల పాఠానికి నేను చాలా విలువ ఇస్తాను. ఏ వారం నివేదిక తీసినా చివరి ఒకటి రెండు వారాల దగ్గర గీత కిందికి వంగి ఉంటుంది. వ్యాధి తగ్గి కాదు, ఆ వారాల నివేదికలు ఇంకా దారిలో ఉన్నాయి. లైన్ లిస్టులో జబ్బు మొదలైన తేదీ, నమూనా తీసిన తేదీ, ఫలితం చేరిన తేదీ మూడూ వేర్వేరు. ఏ తేదీ ప్రకారం గీత గీశారో చెప్పకుండా మీ విభాగం నుంచి ఒక్క చిత్రం కూడా బయటికి వెళ్లకూడదని నియమం పెట్టండి. ప్రతి వారం ఒకే రోజున డేటా నకలు భద్రపరిచి, నాలుగైదు వారాలయ్యాక ఆ నకళ్లన్నింటి గీతలనూ ఒకే చిత్రంలో వేయమనండి. అప్పుడు తగ్గినట్టు కనిపించిన వారం ఇప్పుడు ఎంత పైకి లేచిందో కళ్లకు కడుతుంది. వారం అన్న మాటనూ స్థిరపరచుకోవాలి. అంతర్జాతీయ ప్రమాణంలో వారం సోమవారం మొదలవుతుంది, అమెరికా వ్యాధి నియంత్రణ కేంద్రాల లెక్కలో ఆదివారం మొదలవుతుంది. 2020 వంటి కొన్ని సంవత్సరాల్లో 53 వారాలుంటాయి. ఏటా ఇదే వారంతో పోల్చే ప్రోగ్రాములు ఇలాంటి చోటే చడీచప్పుడు లేకుండా తప్పుతాయి.

మీరు ఫ్లూ, కొవిడ్, ఆర్‌ఎస్‌వీ మూడింటినీ కలిపి రాశారు. నిఘా కూడా ఇప్పుడు అలాగే కలిసి నడుస్తోంది, మంచిదే. అయితే ఫ్లూ కోసం కుట్టిన చొక్కా అందరికీ సరిపోదని శిక్షణలో గట్టిగా చెప్పాలి. ఆర్‌ఎస్‌వీతో ఆస్పత్రిలో చేరే పసిపిల్లల్లో, వృద్ధుల్లో చాలామందికి జ్వరమే ఉండదు. జ్వరం తప్పనిసరి అన్న నిర్వచనంతో వెతికితే వాళ్లు మన లెక్కలోకి రారు. అందుకే ఆర్‌ఎస్‌వీ నిఘాకు ప్రపంచ ఆరోగ్య సంస్థ జ్వరం షరతును తీసేసిన నిర్వచనం వాడుతుంది. ఆరు నెలలలోపు శిశువుల్లోనైతే ఊపిరి ఆగి ఆగి రావడాన్ని, సెప్సిస్‌నూ అందులో చేర్చింది. ఇక కొవిడ్ వైరస్ ఫ్లూ సీజన్ కోసం ఆగదు. ఫ్లూ లేని నెలల్లో నమూనాలు తగ్గించే అలవాటున్న వ్యవస్థకు కొవిడ్ అల ఆలస్యంగా కనబడుతుంది. ఏ ఒక్క వ్యవస్థా అన్ని ప్రశ్నలకూ జవాబివ్వలేదు కాబట్టి, ప్రశ్నను బట్టి పలు వ్యవస్థలను కలిపి వాడుకోవాలని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2023లో విడుదల చేసిన మొజాయిక్ చట్రం చెబుతుంది. మీవాళ్ల చేత దాన్ని చదివించండి. చదివాక మీ విభాగంలోని ఒక్కో డేటా వనరు ముందూ, ఇది ఏ ప్రశ్నకు జవాబిస్తుంది, ఏ ప్రశ్నకు ఇవ్వలేదు అని రాయించండి.

సున్నాకూ ఖాళీకీ తేడా నేర్పడం మరవకండి. ఇన్‌ఫ్లుయెంజా బి లో యమగట అనే శాఖ 2020 మార్చి తరువాత ప్రపంచంలో ఎక్కడా సహజ వ్యాప్తిలో ఉన్నట్టు నిర్ధారణ కాలేదు. దాన్ని ఇక టీకాలో ఉంచనవసరం లేదని ప్రపంచ ఆరోగ్య సంస్థ నిపుణులు 2023 సెప్టెంబరులో చెప్పగలిగారు. అలా చెప్పగలగడానికి బలం ఎక్కడిది? ఎన్నో దేశాల ప్రయోగశాలలు ఇన్‌ఫ్లుయెంజా బి నమూనాల శాఖను వారం వారం తేల్చి, యమగట సున్నా అని రాస్తూ వచ్చాయి. బి అని రాసి శాఖ తేల్చకుండా వదిలేసిన నమూనాలు ఈ తీర్పుకు ఎందుకూ పనికిరావు. 1952లో మొదలైన ప్రపంచ ఇన్‌ఫ్లుయెంజా నిఘా వ్యవస్థ ఏటా ఫిబ్రవరిలో ఉత్తరార్ధగోళానికీ, సెప్టెంబరులో దక్షిణార్ధగోళానికీ టీకా కూర్పును సిఫారసు చేసేది ఇలాంటి వారపు లెక్కల మీద, ప్రయోగశాలలు పంపే వైరస్‌ల మీద ఆధారపడే. మీ సెంటినెల్ కేంద్రంలో ఖాళీగా వదిలిన గడికి అంత దూరం ప్రభావం ఉంది. గుమస్తా పని అన్న పిల్లలకు ఈ సంగతి చెప్పండి.

ఇంకో కథ కూడా తప్పక చెప్పండి. 2009 ఏప్రిల్‌లో దక్షిణ కాలిఫోర్నియాలో ఇద్దరు పిల్లల నమూనాల్లో ఇన్‌ఫ్లుయెంజా ఎ కనబడింది, ఉపరకం మాత్రం తేలలేదు. ఒకరి నమూనా ఒక రోగనిర్ధారణ పరికరంపై జరుగుతున్న అధ్యయనం ద్వారా వచ్చింది, రెండోది సరిహద్దు ప్రాంతపు ఇన్‌ఫ్లుయెంజా నిఘా ద్వారా. ఇద్దరూ ఒకరికొకరు తెలియరు. ఇద్దరికీ పందులతో సంబంధం లేదు. ఇద్దరూ కోలుకున్నారు కూడా. తీవ్రతను బట్టి చూసేవాళ్లెవరూ వీళ్లను పట్టించుకునేవారు కాదు. ఉపరకం తేలని నమూనాను పక్కన పడేయకుండా పైస్థాయి ప్రయోగశాలకు పంపడం వల్లనే ఆ ఏటి మహమ్మారి వైరస్ బయటపడింది. ఇందులో మీ ఆరుగురూ చేతితో చేసి నేర్చుకోవాల్సిన పని ఉంది. ఉపరకం తేలని ఎ నమూనా శుక్రవారం సాయంత్రం వచ్చిందని చెప్పి, ఎవరికి ఫోను చేస్తారు, ఏం అడుగుతారు, నమూనా ఎలా పంపుతారు అని నిజంగా ఫోను చేయించి చూడండి. మనిషిలో కొత్త ఉపరకం ఇన్‌ఫ్లుయెంజా ఒక్క కేసు కనబడినా, అంచనా వేసిన 24 గంటల్లో ప్రపంచ ఆరోగ్య సంస్థకు తెలియజేయాలని 2005 అంతర్జాతీయ ఆరోగ్య నిబంధనలు దేశాలను ఆదేశిస్తున్నాయి. ఆ గొలుసులో మొదటి ఫోను చేసేది మీవాళ్లలో ఒకరే కావచ్చు. పక్షులతో, పశువులతో రోగికి సంబంధం ఉందా అన్న ప్రశ్న మీ ఫారంలో ఉందో లేదో కూడా అప్పుడే బయటపడుతుంది.

ఇక మోడలింగ్. నేర్పండి, సందేహం లేదు. ఏడో వారం తరువాత నేర్పండి, మూడు వారాలకు మించనివ్వకండి. ఆలస్యాల పాఠం అయ్యాక నౌకాస్టింగ్, అంటే ఇంకా రాని నివేదికలను అంచనా కట్టి ప్రస్తుత వారం పరిస్థితిని చెప్పే పద్ధతి, వాళ్లకు సహజంగా అందుతుంది. తాము దాచిన వారపు నకళ్లే దానికి ముడిసరుకు. ఆ తరువాత సీజన్ మొదలైందని చెప్పే గీటురాయిని పాత సీజన్ల డేటాతో వాళ్ల చేత కట్టించండి. ఫ్లూ దాదాపు కనుమరుగైన 2020–21ను అందులో కలపాలా వద్దా అన్నది వాళ్లనే తేల్చి, కారణాలు రాయమనండి. దానికి ఏ సాఫ్ట్‌వేరూ జవాబివ్వదు, అందుకే అది మంచి పాఠం. గూగుల్ ఫ్లూ ట్రెండ్స్ కథ కూడా చెప్పండి. జనం వెతికే మాటలను బట్టి ఫ్లూను అంచనా కట్టే ఆ ప్రయత్నం 2008లో మొదలైంది. 2009 మహమ్మారి తొలి అలను తక్కువగా చూపింది, 2012–13 సీజన్‌ను చాలా ఎక్కువగా చూపింది, 2015లో ఆగిపోయింది. దాన్ని కట్టినవాళ్ల తెలివిలో లోటేమీ లేదు. జనం వెతకడానికీ జబ్బు పడటానికీ మధ్య బంధం మారిపోతూ ఉంటుందన్నదే చిక్కు.

సీక్వెన్సింగ్‌కు ఒక వారం చాలు. వాళ్లు వైరస్ జన్యుక్రమాలు చదవడం నేర్చుకోనవసరం లేదు, ప్రయోగశాలలో చదివేవాళ్లున్నారు. ఏ నమూనాలు సీక్వెన్సింగ్‌కు వెళ్లాయో అడగడం నేర్చుకోవాలి. వైరస్ ఎక్కువగా ఉన్న నమూనాలే, అంటే సీటీ విలువ (పీసీఆర్‌లో వైరస్ కనబడటానికి పట్టిన చక్రాల సంఖ్య) తక్కువగా ఉన్నవే, సాధారణంగా ఎంపికవుతాయి. ఆస్పత్రిలో చేరినవాళ్లవి, ఒకే సమూహంలో పుట్టుకొచ్చినవి ఎక్కువగా చేరితే, ఫలానా వేరియంట్ ఇంత శాతం అన్న మాట జనాభాకు వర్తించదు. ఒక పరీక్ష సీటీ విలువను ఇంకో పరీక్ష సీటీతో పోల్చకూడదని కూడా ఇక్కడే చెప్పేయండి.

అన్నింటికన్నా ముఖ్యంగా, నాలుగో వారం నుంచి చివరిదాకా వారపు నివేదిక వాళ్ల చేతే రాయించండి. అలెగ్జాండర్ లాంగ్‌మ్యూర్ 1951లో అమెరికాలో ఎపిడెమిక్ ఇంటెలిజెన్స్ సర్వీసును ప్రారంభించినప్పుడు యువ వైద్యులకు పని అప్పగించి, ఆ పని మీదే శిక్షణ ఇచ్చాడు. 1980లో థాయ్‌లాండ్‌లో మొదలై ఎన్నో దేశాలకు విస్తరించిన క్షేత్ర ఎపిడెమియాలజీ శిక్షణా కార్యక్రమాలదీ అదే బాట. సమాచారం తెలియాల్సినవాళ్లకు చేరడం కూడా నిఘాలో భాగమేనని లాంగ్‌మ్యూర్ 1963లోనే రాశాడు. వంతులవారీగా ఒక్కో వారం ఒక్కొక్కరు ఒకే పేజీ రాయాలి. మొదటి వాక్యంలో పరిస్థితి, తరువాత ఆ మాట అనడానికి ఆధారం, ఆ తరువాత అనుమానాలు. పాజిటివిటీ అంకె ఎక్కడ రాసినా పక్కనే ఎన్ని నమూనాలకో రాయాలి. ప్రయోగశాల నుంచి ఒకరిని, ఆస్పత్రి నుంచి ఒకరిని పిలిచి వాళ్ల ముందు చదివించండి. మీరు దిద్దడం కన్నా, ఆ వారం రెండు రోజులు కిట్లు లేవని ప్రయోగశాలవాళ్లు చెప్పే ఒక్క మాట ఎక్కువ నేర్పుతుంది. ఆ పేజీ నకలు స్వాబ్ తీసిన నర్సుకు కూడా చేరాలి. ఏళ్ల తరబడి నమూనాలు పంపుతూ, వాటివల్ల ఏం తెలిసిందో ఒక్కసారైనా ఎవరూ చెప్పని కేంద్రాలు చాలా ఉన్నాయి. అది చూస్తే నాకు బాధగా ఉంటుంది. అలాంటి కేంద్రం నుంచి నమూనాలు క్రమంగా తగ్గిపోతే తప్పు వాళ్లది కాదు.

చివరి ప్రశ్న, పని వచ్చిందో లేదో ఎలా తేల్చాలన్నది. బహుళైచ్ఛిక ప్రశ్నలతో పరీక్ష పెట్టకండి. మీ విభాగంలోని పాత సీజన్ నుంచి ఒక వారం లైన్ లిస్టు తీసుకోండి, పేర్లూ వివరాలూ తీసేయండి. అందులో ఒక కేంద్రం నివేదించని వారం, ఒకే రోగి రెండుసార్లు నమోదైన వరుస, జబ్బు మొదలవకముందే నమూనా తీసినట్టున్న తేదీ, ఉపరకం తేలని ఒక ఎ నమూనా ఉండేలా చూడండి. ఒక పూట సమయం ఇచ్చి, ఆరోగ్యాధికారికి చెప్పాల్సిన మూడు వాక్యాలు రాయమనండి: మనకు తెలిసినది, తెలియనిది, ఇప్పుడు చేయాల్సినది. ఫోనులో మాట్లాడే అవకాశం ఇవ్వండి, అవతల ప్రయోగశాల మనిషిగా మీరే కూర్చోండి. ఎవరు ఏ ప్రోగ్రాము వాడారన్నది పట్టించుకోకండి. ఫైలు తెరిచే ముందే ఈ వారం ఏయే కేంద్రాలు నివేదించలేదని అడిగినవాళ్లు, ఉపరకం తేలని నమూనా కనబడగానే మిగతా పని ఆపి మీకు ఫోను చేసినవాళ్లు ఎవరో రాసుకోండి. వచ్చే సీజన్ వారపు నివేదిక బాధ్యత వాళ్లకు నేరుగా అప్పగించవచ్చు. మిగిలినవాళ్లను ఇంకో నెల సెంటినెల్ కేంద్రాల్లో ఉంచి, ఇంకో పాత వారంతో ఇదే పరీక్ష మళ్లీ పెట్టండి.